రెండో భాగాన్ని ఒంటరిగా చూసినాయన

పోయిన నెల కర్నూల్లో మా రూంమేటు కంప్యూటర్లో ఒక ఇంగ్లీషు హారర్ సినిమా రెండో భాగం చూశాడు. ముసుగు మనిషి, కత్తులు, నెత్తురు. అయిపోయాక దాని మీద జనం ఇంటర్నెట్టులో రాసిన అభిప్రాయాలు తీసి పైకి చదివాడు. ఎక్కువమంది మొదటి భాగమే నయమన్నారు. కొందరికి నెత్తురు చాలలేదు. ఒకడు మాత్రం ఏ హత్య ఏ నిమిషంలో జరిగిందో వరసగా రాసి, ఒక్కోదానికి పదికి ఇన్నని మార్కులు వేశాడు. మామూలుగా అలాంటి పట్టికలంటే నాకు ఇష్టం. ఆ రోజు మాత్రం సగం విని లేచి వరండాలోకి వచ్చేశాను. డిప్లొమా అయ్యాక కడపలో నేను మొదటి ఉద్యోగం చేసిన రోజుల్లో చూసిన ఒకాయన గుర్తుకొచ్చాడు.

మా ఓనరు సినిమా హాళ్ళలో సౌండు బిగించే కాంట్రాక్టులు చేసేవాడు. ఆ ఎండాకాలం నన్ను ఒక పాత హాలుకి పంపాడు. పద్దెనిమిది స్పీకర్లు, రెండు యాంప్లిఫయర్లు, గోడల వెంట వైరింగు. షోలు ఆపకుండా, షోకీ షోకీ మధ్య పని చెయ్యాలి. మ్యాట్నీ నడిచేటప్పుడు వెనక గోడకి ఆనుకుని నిలబడి, ఏ మూల శబ్దం ఎలా వినిపిస్తోందో కాగితం మీద గీసుకునేవాణ్ణి. రెండో రోజుకే ఒక సంగతి తెలిసింది. బెంచీ తరగతిలో చివరి వరస, స్తంభం పక్కన, ఫ్యాను కింద, రోజూ ఒకే మనిషి.

అరవై దాటి ఉంటాయి. మెడ చుట్టూ తడిపిన తువ్వాలు, ఒళ్ళో బొరుగుల పొట్లం. తెర మీద ఎవరైనా చచ్చిపోతే ఆయన పాదాలు చెప్పుల్లోంచి బయటికి వచ్చేవి. హీరో తల్లి పోయినా అంతే, విలన్ వెనకాల నిలబడే పేరులేని రౌడీ పోయినా అంతే. శవం కనబడుతున్నంతసేపూ ఉత్త కాళ్ళు నేలకి ఆనించి, సీను మారగానే మళ్ళీ తొడుక్కునేవాడు. మొదట కాళ్ళనొప్పులేమో అనుకున్నాను. నాలుగు రోజులు లెక్కపెట్టాక అడిగేశాను.

“చెప్పులేసుకోని శవం కాడ నిలబడ్తారాప్పా యాడన్నా?” అన్నాడు.

“సినిమా కదా పెద్దాయనా.”

“సినిమానే. నేనేమన్నా ఏడుస్తాండానా? చెప్పులు విడిస్తే పోయేదేముండాది?”

ఇంకో అలవాటు షో వదిలాక. అందరికన్నా ముందు బయటికి వచ్చి, మెట్ల దగ్గర ఇనుప కమ్మీ మీద చెయ్యి వేసుకుని నిలబడి, దిగే ప్రతి మనిషినీ అడిగేవాడు. “ఎట్లుండాది?”

హాలు మనిషే అనుకుని జనం జవాబు చెప్పేవాళ్ళు. ఆయన తల వంచి వినేవాడు. “ఔనా” అని తర్వాతి మనిషి వైపు తిరిగేవాడు. ఒప్పుకునేవాడు కాదు, కాదనేవాడూ కాదు. మొదట్లో మ్యానేజరు ఆయన్ని అక్కణ్ణించి తరిమాడట. తర్వాత, సినిమా టాకు ఎలా ఉందో తెలుసుకోవడానికి సాయంత్రం ఆయన్నే పిలిచి అడగడం మొదలుపెట్టాడు. ఆయన తూచినట్టు చెప్పేవాడు. బాల్కనీవాళ్ళు ఇట్లన్నారు, ఆడవాళ్ళు ఇట్లన్నారు, కమలాపురం నుంచి వచ్చిన రైతులు ఇంటర్వెల్‌కే బస్సెక్కినారు. ఆయనకెలా ఉందో మ్యానేజరు ఎప్పుడూ అడగలేదు.

“ఇంతమందిని అడిగి ఏం చేస్తారు?” అన్నాను నేను.

“ఏం జేచ్చానప్పా. రూముకు పోతే మళ్ళా రేపు మ్యాట్నీ దాకా నోరిప్పే పనుండదు. ఆ మెట్ల కాడ ఒక నూరు మందితో మాట్లాడినట్లయితాది.”

రూమంటే రేకుల గది. పన్నెండు నుంచి నాలుగు దాకా దాంట్లో కూర్చుంటే మనిషి ఉడికిపోతాడని ఆయనే చెప్పాడు. అందుకే మ్యాట్నీ. ఏ సినిమా ఆడుతోందన్నది ఆయనకి రెండో విషయం.

ఒకరోజు నేను నిచ్చెన మీద ఉండగా కిందనుంచి అడిగాడు. “నీ సౌండు వచ్చినాక బెంచీలు తీసేచ్చారంట, నిజమేనా?”

నిజమే. మొత్తం కుర్చీలే వేస్తున్నారు, టికెట్టు మూడింతలు అవుతుంది. ఆ మాటే చెప్పాను.

“అట్లయితే నీ పని ఐపోయిన దినం నా పనీ ఐపోయినట్లే” అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆఖరి స్పీకరు బిగించేశాక గానీ ఆ మాట అర్థం కాలేదు నాకు.

బెంచీలు తీసే ముందు చివరగా వచ్చింది అలాంటిదే ఇంకో హారర్ సినిమా రెండో భాగం, తెలుగు డబ్బింగ్. కథ ఒక వాక్యం. డ్యాం పక్కన గెస్ట్‌హౌసు, ఎనిమిది మంది కుర్రకారు, రంపం పట్టుకున్న ముసుగు మనిషి. మొదటి భాగంలో చచ్చినవాడే మళ్ళీ వచ్చాడట, అంతకుమించి వివరం లేదు. జనం మాత్రం విరగబడ్డారు. మొదటి రోజు మెట్ల దగ్గర ఆయన పక్కనే నిలబడి అభిప్రాయాలు నేనూ విన్నాను.

“నెత్తర్రా నాయనా! తెర కింద బక్కెట్టు పెట్టల్ల.”

“ఇంటర్వెల్లో పకోడీ కొనుక్కొని అట్లే పట్టుకోనుండా. లోపలికి పోలేదు.”

“కథ యాడుండాదప్పా? కోసేది, పోయేది, కోసేది. మా కొట్లో గుడ్డ కోసేటోడు ఇంతకంటే బాగా కోచ్చాడు.” ఈ మాట బట్టల కొట్టు శెట్టిగారిది.

కానీ ఎక్కువమందిని పట్టి ఊపింది ఒకటే విషయం. పచ్చ స్వెట్టరు పిల్ల. ఆమె కనబడటం లేదని స్నేహితురాలు వెతుకుతుంది. బీరువా తెరిస్తే శవం. ఆ తర్వాత, ఏమీ జరగనట్టు, అదే పిల్ల వంటింట్లో గుడ్డు వేయించుకుంటూ ఉంటుంది. హాలంతా కేకలు. ముసుగు మనిషి వచ్చి మళ్ళీ చంపుతాడు.

“ఒగే పిల్లను రెండుతూర్లు సంపినాడు! ఏం బుర్రరా వానిది!” అని ఒక కుర్రాడు ఆయన భుజం పట్టుకుని ఊపాడు. ఆయన “ఔనా” అన్నాడు. అందరూ వెళ్ళాక నా వైపు తిరిగాడు.

“బీరువాలో పిల్లను వాళ్ళు ముందు వెతికినారు గదా. మళ్ళా సచ్చినప్పుడు ఒగరన్నా అడగల్యా. ఏం, రెండోతూరి సచ్చినోళ్ళను అడగరా?”

ఆయన తన అభిప్రాయం చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. ఏదో అని తప్పించుకున్నాను. ఎడమవైపు స్పీకరులో గరగర వస్తోంది, నా ధ్యాస దాని మీద ఉంది.

రెండో వారానికి జనం తగ్గారు. మ్యానేజరు పోస్టర్లు అంటించాడు. దమ్ముంటే ఖాళీ హాల్లో ఒక్కరే కూర్చుని మొత్తం సినిమా చూడాలి. చూసినవారికి ఏడాది పాటు ఫ్రీ పాసు, ఏ షోకైనా, కొత్త కుర్చీల్లో. పందెం ఉదయం తొమ్మిదికి, మార్నింగ్ షో కంటే ముందు. నాతో ఒక ఏర్పాటు చేయించాడు. ఆస్పత్రి మంచం దగ్గర రోగులు నొక్కే బటను లాంటిది ఒకటి బెంచీకి కట్టి, దాన్నుంచి వైరు మ్యానేజరు గదిలోకి లాగి, అక్కడ గంట, ఎర్ర బల్బు పెట్టాను. భయపడినవాడు బటను నొక్కితే గంట మోగుతుంది, ఆట ఆగుతుంది, పందెం పోతుంది. నొక్కేవాళ్ళు ఎంతమందైతే అంత ప్రచారమని మ్యానేజరు లెక్క. మొదటి రోజు ఇంటర్మీడియట్ కుర్రాడు మూడో రీలుకే నొక్కాడు. రెండో రోజు వచ్చినవాడు తలుపు మూయగానే నొక్కాడు.

మూడో రోజు ఆయన వచ్చాడు. తువ్వాలు తడుపుకుని, బొరుగులు తెచ్చుకుని.

“ఏం పెద్దాయనా, గుండె గట్టిదేనా? మళ్ళా మా మింద పడకూడదు” అన్నాడు మ్యానేజరు.

“దినామూ ఒగణ్ణే కూచుంటా గద సార్. ఈడైతే ఎనిమిది మందుండారు” అన్నాడు ఆయన తెర వైపు చూపిస్తూ.

బటను ఎలా నొక్కాలో చూపించడానికి నేను వెంట వెళ్ళాను. కూర్చుంటూ నా మోచెయ్యి పట్టుకున్నాడు. “ఏడాదంటే ఎండాకాలం మొత్తం, వానకాలం, మళ్ళా ఎండాకాలం సగం. గెలుచ్చానంటావా?”

“బటను ముట్టుకోకండి చాలు. గంటన్నరే” అన్నాను.

మ్యానేజరు గదిలో బల్బుకి ఎదురుగా కూర్చున్నాను. మొదటి హత్య అయింది. రెండోది, మూడోది. గోడ అవతల అరుపులు వినబడుతున్నాయి, బల్బు వెలగలేదు. మ్యానేజరు మొహం మాడుతోంది. నాకు మాత్రం నేను బిగించిన గంట మోగకూడదని మొదటిసారి అనిపించింది. ఇంకో అరగంట ఉంటే అయిపోతుందనగా మోగింది.

“సూచ్చివా! మొండోడు గూడా బెదిరిపాయె!” అని మ్యానేజరు ఎగిరి లేచాడు.

లోపల లైట్లు వేశాం. ఆయన లేచి నిలబడి ఉన్నాడు. చెప్పులు బెంచీ కింద ఉన్నాయి. చెయ్యి తెర వైపు కాదు, వెనక ప్రొజెక్టరు గది కిటికీ వైపు చూపిస్తోంది.

“భాయ్! రీళ్ళు మారినాయి భాయ్!”

ఆపరేటరు భాయ్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. “క్యా జీ? ఇరవై ఏండ్లు ఆయె నేను రీలెక్కించబట్టి.”

“నీ తప్పు కాదు భాయ్. సూడు ఒగతూరి. ఆ స్నేహితురాలు పిల్ల ఫోటో పట్టుకోని పెట్రోలు బంకులో అడగతాది గదా, ఆడ మాట సగంలో మొదలైతాది. ‘చూశారా?’ అంటాది, అంతే. ముందు సగం ఇప్పుడొచ్చె, పచ్చ స్వెట్టరు పిల్ల సచ్చినాక. ‘ఈ ఫోటోలో అమ్మాయిని మీరు’ అని తెగిపోయె. ఈ రెండూ ఒగే మాట.”

జనం ఉన్నప్పుడు ఆ చోట ఈలలు, కేకలు. ఖాళీ హాలు కాబట్టి వినిపించింది. నేనూ ఆ హాల్లోనే రోజూ శబ్దం కొలుస్తూ నిలబడ్డాను. ఎంత గట్టిగా వస్తోందని విన్నాను గానీ, ఏం మాట్లాడుతున్నారని వినలేదు.

భాయ్, నేను పైన రెండు రీళ్ళూ విప్పి దీపం ముందు పట్టి చూశాం. ఆయన చెప్పింది నిజం. ముందు ఆడిన ఊళ్ళో ఆరో రీలు ఏడో డబ్బాలో, ఏడోది ఆరో డబ్బాలో సర్దారు. రీలు మొదట్లో అంకె ఉండే ముక్క రెండింటికీ తెగిపోయింది. భాయ్ డబ్బా మీద అంకె చూసి ఎక్కించాడు. పది రోజులుగా ఊరంతా మెచ్చుకుంటున్న సంగతి, ఒకే పిల్ల రెండుసార్లు చావడం, సినిమా తీసినవాళ్ళకే తెలియదు.

మ్యానేజరు తల పట్టుకుని కాసేపు ఆలోచించాడు. తర్వాత తలుపు మూసి, గొంతు తగ్గించాడు.

“ఇప్పుడు సరిజేచ్చే ఉన్న టాకు గూడా పోతాది. బయట చెప్పొద్దు పెద్దాయనా. గంట కొట్టినావు కాబట్టి పందెం పోయినట్లే. అయినా పాసిచ్చా. మైకులో, మొత్తం సూసినా, శానా బాగుండాది అని ఒగ మాట చెప్పు. సాలు.”

నేను ఆయన వైపు చూశాను. ఒప్పుకుంటాడనే అనుకున్నాను. ఆయన తువ్వాలు తీసి మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టాడు.

“రీళ్ళు సరిగ్గా ఏసి ఒగతూరి సూపిచ్చారా సార్? ఆ పిల్ల సచ్చినాక అడిగినారా లేదా, సూడల్ల.”

“నీ ఒక్కనికి మిషను తిప్పల్లనా? ఏందబ్బా, పాసు గావల్నా, రీళ్ళు గావల్నా? ఏదో ఒగటి చెప్పు.”

“రీళ్ళే” అన్నాడు ఆయన. అనేశాక తనే కాస్త ఆశ్చర్యపోయినట్టు నిలబడ్డాడు.

బయటికి వచ్చాక నాకు కోపం వచ్చింది. “ఇంకో అరగంట ఊరుకుని, అయిపోయాక చెబితే సరిపోయేది కదా? పాసూ వచ్చేది, మాటా చెప్పినట్టుండేది.”

“పాసు సంగతి మర్చిపోతినప్పా ఆ నిమిషంలో” అన్నాడు.

మర్నాడు తొమ్మిదికి భాయ్ ఆ రెండు రీళ్ళూ సరైన వరసలో ఎక్కించాడు. నేను వెనక గోడ దగ్గర నిలబడ్డాను. ఆయన బెంచీ మీద పక్కచోటు తట్టి, “రాప్పా, కూచో” అన్నాడు. ఎడమ స్పీకరు చూడాలన్నాను. అప్పటికి దాని గరగర పోయి రెండు రోజులైంది.

పచ్చ స్వెట్టరు పిల్ల గుడ్డు వేయించుకుంది. చచ్చిపోయింది. ఆయన కాళ్ళు చెప్పుల్లోంచి వచ్చాయి. తర్వాత స్నేహితురాలు ఫోటో తీసుకుని బయల్దేరింది. పెట్రోలు బంకులో అడిగింది, ఈసారి మాట తెగలేదు. హోటల్లో అడిగింది. రోడ్డు మీద లారీ ఆపి అడిగింది. డబ్బింగ్ గొంతు, పెదవులకి అతకని మాటలు, చవక సినిమా. ఆయన ముందు బెంచీ అంచు రెండు చేతులతో పట్టుకుని వంగి చూస్తున్నాడు. ఎవరూ చూడలేదనే చెప్పారు. బీరువా తెరుచుకుంది. భాయ్ మిషను ఆపాడు.

ఆయన చెప్పులు తొడుక్కుని నా దగ్గరికి వచ్చాడు.

“బతికి లేదు. తెలుసు మనకు. అయినా ముగ్గుర్ని అడిగినాది” అన్నాడు. అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. దిగుతున్నప్పుడు అడగడానికి ఎవరూ లేరు.

తర్వాతి సోమవారం బెంచీలు లారీలోకి ఎక్కించారు. నా పనీ అయిపోయింది. ఆయన ఎక్కడ ఉంటున్నాడో అడుగుదామని రెండుసార్లు అనుకున్నాను.

పదిహేను రోజుల తర్వాత, ఓనరు ఇచ్చిన పార్సిల్ ఒకటి బస్సులో పంపడానికి మధ్యాహ్నం ఒంటిగంటకి ఆర్టీసీ బస్టాండుకి వెళ్ళాను. బద్వేలు బస్సులు ఆగే చోట, ఫ్యాను కింద సిమెంటు బెంచీ మీద ఆయన కూర్చుని ఉన్నాడు. మెడలో తడి తువ్వాలు. బస్సు దిగివచ్చేవాళ్ళతో ఏదో అంటున్నాడు, వాళ్ళు నడుస్తూనే జవాబు చెబుతున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

“ఏ ఊరికి పెద్దాయనా?” అన్నాను.

ఆయన ఒక్క క్షణం తడుముకున్నాడు. తల ఎత్తి ఊళ్ళ పేర్లున్న బోర్డు చూశాడు. “బద్వేలుకప్పా.”

అప్పుడే బద్వేలు బస్సు వచ్చింది. జనం మీద జనం. ఆయనకి ఒక్క సాయమైనా చెయ్యాలనిపించింది. పరుగెత్తి, కిటికీలోంచి నా చేతిరుమాలు సీటు మీదికి విసిరాను. వెనక్కి వచ్చి ఆయన సంచి లాక్కుని, తోసుకుంటూ తీసుకెళ్ళి ఆ సీట్లో కూర్చోబెట్టాను.

“వద్దులేప్పా, తర్వాత బస్సుకు పోతా” అన్నాడు రెండుసార్లు.

“తర్వాతది ఇంకా రష్షు. కూర్చోండి” అన్నాను.

కూర్చున్నాడు. సంచి ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి నన్నే చూస్తూ ఉన్నాడు. ఏదో అడగబోయేంతలో బస్సు కదిలింది. చెయ్యి ఊపాను. మంచి పని చేశానన్న తృప్తితో పార్సిల్ గురించి బస్టాండు కంట్రోలరు దగ్గరికి వెళ్ళాను.

“ఆ ముసలాయన నీకేమైతాడప్పా?” అన్నాడు కంట్రోలరు. “దినామూ పన్నెండుకు వచ్చి నాలుగు దాకా కూచుంటాడు. ఏ ఊరికని అడిగితే బోర్డు మింద ఏముంటే ఆ ఊరు చెప్తాడు. యాడికీ పోడు. ఈ దినం ఎట్లనో ఎక్కినాడే!”

బద్వేలులో దిగి, ఆయన మళ్ళీ కడప బస్సే ఎక్కి ఉంటాడు. ప్రయాణం పోను, రాను, మధ్యలో ఆగింది, అన్నీ కలిపి లెక్కవేస్తే చీకటి పడే వేళకి గదికి చేరి ఉండాలి. ఆ లెక్క నమ్ముకుని మర్నాడు పన్నెండుకే బస్టాండుకి వెళ్ళి ఆ ఫ్యాను కింద కూర్చున్నాను. బద్వేలు నుంచి వచ్చిన ప్రతి బస్సు తలుపూ చూశాను. రెండయింది, మూడయింది. కంట్రోలరు మారాడు. కొత్తాయనకి నేనెవరో తెలియదు. అటూ ఇటూ తిరుగుతూ నన్ను రెండుసార్లు చూసి, మూడోసారి ఆగాడు.

“ఏ ఊరికప్పా?”

తల ఎత్తి బోర్డు చూశాను. “కమలాపురం” అని చెప్పి, మళ్ళీ తలుపుల వైపు తిరిగాను.